గుమ్మడి గుణసంపద

ప్రవేశిక

ఆరోగ్యానికి ఆహారమే మూలం. ఏ పదార్థంలో ఏ పోషకం ఎంత ఉన్నదో తెలిసికొని భుజించేవాడు అనేక వ్యాధులను దరిచేరనీయడు. అయితే మంచి ఆహారమంటే ఖరీదైన ఆహారమనే అపోహ మన సమాజంలో బలంగా నాటుకొని ఉన్నది. అతి తక్కువ ధరకు లభించే గుమ్మడికాయను ఉదాహరణగా తీసుకొని ఆ అపోహను తొలగించడం ఈ పాఠం ఉద్దేశం. గుమ్మడి జాతులు, జన్మస్థానం, వృక్షలక్షణాలు, పోషక విలువలు, వాడుకలో పాటించవలసిన జాగ్రత్తలు ఇందులో వివరింపబడినవి.

పాఠ్యభాగం

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది మనవారి సామెత. చేతికి అందే దూరంలో ఉన్న వస్తువు విలువను మనిషి గుర్తించడని దాని భావం. ఈ సామెతకు గుమ్మడి కంటె తగిన దృష్టాంతం దొరకదు. గుమ్మడి విత్తు నాటిన తరువాత పెద్దగా పోషణను కోరదు. పూరిపాక కప్పు మీదికో, దొడ్డి కంచె మీదికో ఎగబాకి, ఎవరూ పట్టించుకోకపోయినా తన పని తాను చేసుకొనిపోతుంది. కోసిన కాయ నెలల తరబడి చెడిపోదు. సంతలో ముక్కలుగా కోసి అమ్ముతారు కాబట్టి బీదవాడు సైతం తనకు కావలసినంత ముక్కనే కొనుక్కోగలడు. ఇన్ని సుగుణాలున్నా అతిథి వచ్చిననాడు గుమ్మడికాయ కూర వండడానికి గృహిణి సంకోచిస్తుంది. వసతిగృహంలో గుమ్మడికాయ పులుసు వడ్డించిననాడు విద్యార్థులు ముఖం చిట్లిస్తారు.

ఈ చిన్నచూపు కేవలం రుచికి సంబంధించిన విషయమైతే దానిని గురించి ఇంతగా చర్చించవలసిన పని లేదు. కాని ‘ఎ’ విటమిన్ లోపం వలన ఎందరో పసిపిల్లల కంటిచూపు దెబ్బతిన్న దేశం మనది. ఆ లోపాన్ని పూరించగల కాయ పెరటిలోనే ఉండగా, దానిని పిల్లల కంచం దాకా రానీయకపోవడం రుచికి సంబంధించిన విషయం కాదు. అవగాహనకు సంబంధించిన విషయం. అందువల్ల గుమ్మడిని గురించి శాస్త్రీయంగా తెలిసికోవడం అవసరం.

రెండు గుమ్మడులు

తెలుగువారు గుమ్మడి అనే ఒకే పేరుతో రెండు వేరువేరు మొక్కల కాయలను వ్యవహరిస్తారు. ఒకటి బూడిద గుమ్మడి. రెండవది తీపి గుమ్మడి. దీనినే మంచి గుమ్మడి, ఎర్ర గుమ్మడి అని కూడా అంటారు. దోస, బీర, సొర, కాకర మొదలైన తీగలు చేరిన కుకుర్బిటేసి కుటుంబానికే ఇవి రెండూ చెందినప్పటికీ వీటి ప్రజాతులు వేరు, స్వభావాలు వేరు.

బూడిద గుమ్మడి శాస్త్రనామం బెనిన్‌కేసా హిస్పిడా. ఇది ఆసియా ఖండానికి చెందిన మొక్క. సంస్కృతంలో కూష్మాండమని వ్యవహరింపబడేది ఇదే. ఆయుర్వేదంలోని కూష్మాండ లేహ్యం, మన ఇళ్లలో పెట్టే గుమ్మడి వడియాలు, ఆగ్రా నగరంలో ప్రసిద్ధి చెందిన పేఠా అనే మిఠాయి దీనితోనే తయారవుతాయి. గృహప్రవేశ సమయంలో దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టేది కూడా ఈ కాయనే. కాయ ముదిరేకొద్దీ దీని తొక్క మీద తెల్లని మైనపు పొడి ఏర్పడుతుంది. లోపలి తేమను బయటకు పోనీయకుండా కాపాడే సహజ కవచమది. ఆ పొడి బూడిదలాగా కనిపించడం వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. ‘గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్లు’ అనే సామెతకు కూడా ఈ పొడియే ఆధారం. కాయను భుజాన వేసికొని పోయిన దొంగ, తెల్లని పొడి తన భుజానికి అంటుకొని ఉన్నదేమోనని తనకు తెలియకుండానే తడుముకొని పట్టుబడతాడు. ఒక కాయ తొక్కను ఇంత నిశితంగా పరిశీలించి, దానిలో నుండి మానవ స్వభావాన్ని వెలికితీసిన మన పూర్వుల సూక్ష్మదృష్టి మెచ్చదగినది.

తీపి గుమ్మడి కుకుర్బిటా అనే ప్రజాతికి చెందినది. ఈ ప్రజాతిలో మాస్కేటా, మాక్సిమా, పెపో అనేవి ముఖ్యమైన జాతులు. ఉష్ణప్రదేశాల వేడిని బాగా తట్టుకొనేది మాస్కేటా జాతి. మన ప్రాంతపు సంతలలో పక్కలు నొక్కులు పడి, బల్లపరుపుగానో గుండ్రంగానో కనిపించే కాయలు ఎక్కువగా ఈ జాతివే. దీని గుజ్జు పసుపు రంగు నుండి ముదురు నారింజ రంగు వరకు ఉంటుంది. ఈ పాఠంలో ఇకమీదట గుమ్మడి అన్నప్పుడు తీపి గుమ్మడి అనియే గ్రహించాలి.

పేర్ల విషయంలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఉత్తర భారతదేశంలో పలుచోట్ల కద్దూ అంటే గుమ్మడి. హైదరాబాదులో విందులలో వడ్డించే కద్దూ కీ ఖీర్ మాత్రం సొరకాయతో చేసినది. ఒకే పేరు ఊరు మారేసరికి వేరొక కాయకు చెందడం భాషలో సహజమే. కాని పోషకాల విషయంలో ఈ తేడాను మరువరాదు. బూడిద గుమ్మడిలో అత్యధిక భాగం నీరే. తీపి గుమ్మడికి రంగునిచ్చే కెరోటిన్ అందులో చెప్పుకోదగినంత ఉండదు.

పుట్టినిల్లు – మెట్టినిల్లు

మన సంక్రాంతి పండుగతో, మన పులుసులతో ఇంతగా కలిసిపోయిన తీపి గుమ్మడి పుట్టినిల్లు మన దేశం కాదంటే ఆశ్చర్యం కలుగుతుంది. దాని జన్మస్థానం అమెరికా ఖండాలు. మెక్సికో దేశంలోని వహాకా రాష్ట్రంలో గిలా నకిట్స్ అనే గుహ ఉన్నది. ఆ గుహలో లభించిన పెపో జాతి గింజలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అవి సుమారు 10,000 సంవత్సరాల నాటివని 1997లో ప్రకటించారు. అడవి కాయల గింజల కంటె ఆ గింజలు పెద్దవిగా ఉండడాన్ని బట్టి అప్పటికే మానవుడు ఆ మొక్కను సాగుచేయసాగాడని నిర్ధారించారు. మొక్కజొన్నకు ముందే గుమ్మడి అక్కడి మానవునికి పంట అయినదన్నమాట.

ఉత్తర అమెరికా ఖండపు మూలవాసులలో అనేక తెగలవారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పంటలను ఒకే మడిలో కలిపి వేసేవారు. వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్లని పిలుచుకొనేవారు. ఆ పిలుపులో ఎంతో వ్యవసాయ విజ్ఞానం ఇమిడి ఉన్నది. మొక్కజొన్న నిలువుగా పెరిగి చిక్కుడుతీగకు ఊతకర్ర అవుతుంది. చిక్కుడు వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలను సారవంతం చేస్తాయి. గుమ్మడి తన వెడల్పాటి ఆకులతో నేలను కప్పి, కలుపును అణచి, తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. పొలంలో ఒకదానికొకటి తోడైన ఈ మూడు పంటలు కంచంలో కూడా తోడుగానే నిలుస్తాయి. మొక్కజొన్న శక్తిని, చిక్కుడు మాంసకృత్తులను, గుమ్మడి విటమిన్లను సమకూరుస్తాయి. మనం అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు కలిపి భుజించడం వెనుక ఉన్న పోషక సూత్రం కూడా ఇదే.

1492లో కొలంబస్ అమెరికా దీవులను చేరిన తరువాత అక్కడి పంటలు సముద్రాలు దాటసాగాయి. రోము నగరంలోని విల్లా ఫార్నెసీనా అనే భవనంలో 1515–1518 మధ్యకాలంలో చిత్రించిన పూలదండల చిత్రాలలో గుమ్మడికాయలు కనిపిస్తాయి. అంటే పాతికేళ్లు గడిచీ గడవకముందే గుమ్మడి ఐరోపా చిత్రకారుల కంటబడినదన్నమాట. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ తీరం చేరిన పిమ్మట పోర్చుగీసు వర్తకం ద్వారా మిరప, జీడిమామిడి, బొప్పాయి వంటి అమెరికా మొక్కలు మన దేశానికి వచ్చాయి. గుమ్మడి కూడా ఆ కోవకు చెందినదే. అప్పటికే ఇక్కడ ఉన్న బూడిద గుమ్మడిని పోలి ఉండడం చేత మనవారు పాత పేరునే కొత్త కాయకు కూడా అన్వయించారని భావించవచ్చు. దేశాంతరం నుండి వచ్చిన తీగ మన పెరటి తీగ అయి, మన సామెత చొప్పున విలువను కోల్పోవడం ఒక వింత.

తీగ – పువ్వు – కాయ

గుమ్మడి నేలమీద పాకే ఏకవార్షిక మొక్క. నులితీగల సాయంతో ఆధారాలను పట్టుకొని పైకి ఎగబాకుతుంది. కాండం మీద, ఆకుల మీద బిరుసైన నూగు ఉంటుంది. మట్టి తగిలినచోట కణుపుల నుండి వేళ్లు పుట్టి తీగకు అదనపు నీటిని, పోషకాలను అందిస్తాయి.

ఒకే తీగ మీద మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూయడం గుమ్మడి ప్రత్యేకత. ముందుగా మగపూలు వస్తాయి. వాటి సంఖ్య కూడా ఎక్కువ. సన్నని పొడుగాటి కాడ మీద నిలిచేది మగపువ్వు. రేకుల అడుగున చిన్న కాయ వంటి అండాశయం కలది ఆడపువ్వు. ఈ పూలు తెల్లవారుజామున విచ్చుకొని మధ్యాహ్నానికి ముందే ముడుచుకొనిపోతాయి. ఆ కొద్ది గంటలలోనే తేనెటీగలు మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చాలి. అలా చేరకపోతే పిందె పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. పూత నిండుగా ఉన్నా కాయ నిలవడం లేదని వాపోయే రైతులు తరచుగా ఈ సంగతిని గమనించరు. పూసే వేళ ఉదయం పూట పురుగుమందు చల్లితే తేనెటీగలు నశించి, పంట కూడా దెబ్బతింటుంది. పెరటిలో తీగను పెంచేవారు మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి చేతితో అద్ది కాయలు నిలుపుకోవచ్చు.

ధనుర్మాసంలో తెలుగు వాకిళ్లలో గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు అలంకరించడం పూర్వాచారం. పూలను కోస్తే కాయలు తగ్గవా అనే సందేహం కలగవచ్చు. అవసరానికి మించి పూసే మగపూలను కోసి, ఆడపూలను తీగకే వదిలితే ఆచారమూ నిలుస్తుంది, పంటా నిలుస్తుంది. బెంగాలు ప్రాంతంలో ఈ పూలను పిండిలో ముంచి వేయించి తింటారు. లేత ఆకులను, తీగ కొసలను కూడా కూరగా వండుతారు.

వృక్షశాస్త్రం దృష్టిలో గుమ్మడికాయ ఒక మృదుఫలం. బయట గట్టి తొక్క, లోపల గుజ్జు, నడుమ అనేక గింజలు కలిగిన ఇటువంటి ఫలాన్ని పెపో అంటారు. విత్తిన మూడు, నాలుగు నెలలకు కాయ పక్వానికి వస్తుంది. తొడిమ ఎండడం, తొక్క మీద గోరు దిగకపోవడం పక్వానికి గుర్తులు. కొంత తొడిమను కాయకే ఉంచి కోసి, గాలి తగిలే పొడిచోట ఉంచితే శీతలయంత్రం అవసరం లేకుండానే నెలల తరబడి నిలువ ఉంటుంది. సంక్రాంతికి కోసిన కాయను ఆకుకూరలు కరవయ్యే ఎండాకాలం వరకు అట్టిపెట్టుకోవచ్చు. నిలువ చేసే వసతి లేని బీదవారికి ఇది చేసే మహోపకారం ఇంతా అంతా కాదు.

మన దేశంలో గుమ్మడి పంట మీద పరిశోధనలు కూడా జరిగాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యానపరిశోధన సంస్థ అర్క చందన్, అర్క సూర్యముఖి అనే రకాలను, న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా విశ్వాస్ అనే రకాన్ని రూపొందించాయి. వీటిలో అర్క చందన్ నారింజ రంగు గుజ్జుతో, కెరోటిన్ సమృద్ధితో పేరు పొందినది.

పోషక విలువలు

అమెరికా వ్యవసాయశాఖ ప్రకటించిన పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి గుమ్మడి గుజ్జులో ముఖ్యమైన పోషకాలు ఈ విధంగా ఉన్నాయి.

శక్తి – 26 కిలో కెలోరీలు
నీరు – సుమారు 92 గ్రాములు
పిండిపదార్థాలు – 6.5 గ్రాములు
మాంసకృత్తులు – 1 గ్రాము
కొవ్వు – 0.1 గ్రాము
పొటాషియం – 340 మిల్లీగ్రాములు
‘సి’ విటమిన్ – 9 మిల్లీగ్రాములు
బీటా కెరోటిన్ – 3,100 మైక్రోగ్రాములు

ఈ పట్టికను పరిశీలిస్తే రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, గుమ్మడిలో శక్తి చాలా తక్కువ. అదే బరువుగల బియ్యంలో సుమారు 350 కిలో కెలోరీలు ఉంటాయి. కాబట్టి కడుపు నిండా తిన్నా స్థూలకాయం వస్తుందనే భయం లేదు. రెండవది, దాని అసలు సంపద కెరోటిన్. గుజ్జుకు నారింజ రంగు వచ్చినది దాని వల్లనే. అయితే అన్ని గుమ్మడికాయలలోనూ కెరోటిన్ ఒకే మోతాదులో ఉండదు. రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి ఎంతో తేడా ఉంటుంది. పాలిపోయిన పసుపు గుజ్జులో తక్కువ. ముదురు నారింజ గుజ్జులో ఎక్కువ. సంతలో ముక్క కొనేటప్పుడు పరిమాణాన్ని కాక రంగును చూసి ఎన్నుకోవాలి. ప్రయోగశాల లేకుండానే పోషకాన్ని కంటితో కొలిచే అవకాశాన్ని ప్రకృతి మనకు ఇక్కడ కల్పించినది.

కంటికి వెలుగు

కెరోటిన్‌ను 1831లో జర్మనీ శాస్త్రజ్ఞుడు వాకెన్‌రోడర్ క్యారట్ నుండి వేరుచేశాడు. ‘ఎ’ విటమిన్ ఉనికి 1913లో అమెరికా శాస్త్రజ్ఞుల పరిశోధనల వల్ల వెల్లడి అయినది. కాని రంగుగల కెరోటిన్‌కు, రంగు అంతగా లేని ‘ఎ’ విటమిన్‌కు గల సంబంధం చాలాకాలం అంతుపట్టలేదు. 1930లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు థామస్ మూర్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, తిన్న కెరోటిన్ శరీరంలో ‘ఎ’ విటమిన్‌గా మారుతున్నదని నిరూపించాడు.

కంటిలోని రెటీనా అనే పొరలో మసక వెలుతురును గుర్తించే కణాలున్నాయి. వాటిలో రొడాప్సిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. అది తయారు కావడానికి ‘ఎ’ విటమిన్ అత్యవసరం. విటమిన్ కొరవడితే మొదట రేచీకటి కలుగుతుంది. పగలు చక్కగా ఆడుకొన్న బిడ్డ సందె చీకట్లో తడుముకొంటూ నడుస్తాడు. లోపం ముదిరితే కంటి తెల్లగుడ్డు పొడిబారి, దాని మీద నురుగు వంటి మచ్చలు ఏర్పడతాయి. ఇంకా ముదిరితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర మెత్తబడి, పుండుపడి, చూపు శాశ్వతంగా పోతుంది. అంతేకాక ఈ లోపం గల పిల్లలలో రోగనిరోధక శక్తి క్షీణించి, తట్టు, అతిసారం వంటి వ్యాధులు ప్రాణాంతకంగా పరిణమిస్తాయి.

ఈ సమస్య పరిష్కారంలో మన హైదరాబాదుకు విశిష్టమైన స్థానం ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో ఒక చిన్న పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో ప్రసిద్ధి పొందినది. పిల్లలకు నిర్ణీత కాలవ్యవధిలో ఎక్కువ మోతాదు ‘ఎ’ విటమిన్ ద్రావణాన్ని నోటి ద్వారా ఇచ్చి, అంధత్వాన్ని నివారించవచ్చని ఈ సంస్థ శాస్త్రజ్ఞులు క్షేత్రస్థాయి పరిశోధనల ద్వారా చూపించారు. దాని ఆధారంగా 1970లో భారత ప్రభుత్వం జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. టీకాలు, వైద్యసౌకర్యాలు, ఆహారపరిస్థితులు మెరుగుపడడంతో ఈ లోపం వలన కలిగే తీవ్రమైన అంధత్వం నేడు అరుదైనది. అయినా ద్రావణం తాత్కాలికమైన రక్షణ మాత్రమే. ప్రతిదినం తినే ఆహారంలో ఆ విటమిన్ లభించడమే శాశ్వతమైన పరిష్కారం.

గుమ్మడి విలువ ఇక్కడ స్పష్టమవుతుంది. పైన చెప్పిన పట్టిక ప్రకారం 100 గ్రాముల గుమ్మడిలోని వివిధ కెరోటిన్ల వలన శరీరానికి సుమారు 426 మైక్రోగ్రాముల ‘ఎ’ విటమిన్ లభిస్తుంది. మూడేళ్లలోపు బిడ్డకు రోజుకు కావలసినది సుమారు 400 మైక్రోగ్రాములు. అంటే రంగు చిక్కగా ఉన్న చిన్న గుమ్మడి ముక్క బిడ్డ ఒకరోజు అవసరాన్ని దాదాపు తీర్చగలదు. మునగాకు, తోటకూర, క్యారట్, మామిడిపండు, బొప్పాయి కూడా ఇదే మేలు చేస్తాయి. కాని వాటిలో ఏదీ గుమ్మడివలె నెలల తరబడి అటక మీద నిలువ ఉండదు.

వంటింటి శాస్త్రం

కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం. తిన్న ఆహారంలో కొంచెమైనా నూనె గాని నెయ్యి గాని లేకపోతే అది శరీరానికి సరిగా వంటబట్టదు. గుమ్మడిలో కొవ్వు దాదాపు లేదు కాబట్టి ఆ కొరతను మన పోపు తీరుస్తున్నది. ఉడికించినప్పుడు గుజ్జులోని కణాల గోడలు మెత్తబడి కెరోటిన్ సులభంగా విడుదల అవుతుంది. అందువల్ల గుమ్మడిని మితంగా ఉడికించి, పోపు పెట్టి వండే మన పద్ధతి శాస్త్రసమ్మతమైనది. అతిగా వేయించడం, ముక్కలను ఎండలో చాలాకాలం ఉంచడం వలన కెరోటిన్ నశిస్తుంది.

బెల్లం, చింతపండు వేసి వండే గుమ్మడికాయ పులుసు, పలు కూరగాయలతో కలిపి చేసే దప్పళం, నేతితో చేసే హల్వా తెలుగువారికి సుపరిచితాలు. సంక్రాంతినాడు గుమ్మడిపండును దానం చేసే ఆచారం కూడా ఉన్నది. కొత్త పంట చేతికి వచ్చిన వేళ, చాలాకాలం నిలువ ఉండే ఆహారాన్ని ఇతరులతో పంచుకోవడం అందులోని అంతరార్థం. పసిబిడ్డలకు ఆరు నెలలు నిండిన పిమ్మట ఉడికించి మెదిపిన గుమ్మడి గుజ్జులో రెండు చుక్కల నెయ్యి వేసి అన్నంతో కలిపి పెట్టవచ్చు.

మనం పారవేసే గింజలు గుజ్జు కంటె బలవర్ధకమైనవి. 100 గ్రాముల ఎండు గింజల పప్పులో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులు, 49 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఇనుము, జింకు, మెగ్నీషియం కూడా సమృద్ధిగా లభిస్తాయి. గింజలను కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి తినవచ్చు. పొడిచేసి కూరలలో చల్లుకోవచ్చు. అయితే వీటిలో 100 గ్రాములకు 550 కిలో కెలోరీలకు మించిన శక్తి ఉన్నది కాబట్టి గుప్పెడుతో సరిపెట్టుకోవాలి. ఆస్ట్రియా దేశంలోని స్టిరియా ప్రాంతంలో గట్టి పెంకు లేని గింజలనిచ్చే గుమ్మడిని పండించి, ముదురు ఆకుపచ్చ రంగు నూనెను తీస్తారు. ఆ నూనెకు ఆ ప్రాంతపు పేరుతోనే ఐరోపాలో చట్టబద్ధమైన రక్షణ లభించినది.

కొన్ని జాగ్రత్తలు

గుమ్మడి ఆహారమే గాని ఔషధం కాదు. అది సర్వరోగ నివారిణి అని చేసే ప్రచారాన్ని నమ్మరాదు. రేచీకటి లక్షణాలు కనబడిన బిడ్డకు గుమ్మడికాయ పెట్టి ఊరుకోక, వెంటనే వైద్యునికి చూపించాలి. కెరోటిన్ గల పదార్థాలను అతిగా తింటే అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. కంటి తెల్లగుడ్డు మాత్రం పచ్చబడదు. పచ్చకామెర్లకు, దీనికి గల భేదం ఇదే. ఇది హానికరం కాదు. తినడం తగ్గిస్తే తగ్గిపోతుంది. శరీరం కెరోటిన్‌ను తన అవసరం మేరకే విటమిన్‌గా మార్చుకొంటుంది. కాని ‘ఎ’ విటమిన్ మాత్రలను వైద్యుని సలహా లేకుండా అధికంగా వాడితే విషప్రభావం కలుగుతుంది. ఆహారం ద్వారా పొందే విటమిన్ క్షేమకరమనడానికి ఇదొక నిదర్శనం.

చేదుగా ఉన్న గుమ్మడిని గాని సొరను గాని ఎట్టి పరిస్థితులలోనూ తినరాదు. ఈ కుటుంబపు మొక్కలు ఆత్మరక్షణ కోసం కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలను తయారుచేసుకొంటాయి. వేల సంవత్సరాల ఎంపికలో మానవుడు తీపి రకాలను నిలుపుకొన్నాడు. ఎప్పుడైనా ఒక కాయలో ఆ పాతగుణం తిరిగి తలెత్తవచ్చు. వండినా ఆ విషం పోదు. ముక్క నాలుకకు చేదు తగిలితే ఆ కాయను పారవేయడమే వివేకం.

ఆచారాలు – వేడుకలు

అమెరికాలో అక్టోబరు 31న జరుపుకొనే హాలోవీన్ వేడుకలో గుమ్మడికాయను తొలిచి, కన్ను, ముక్కు, నోరు చెక్కి, లోపల దీపం పెడతారు. ఐర్లండు ప్రజలు ముల్లంగిని పోలిన టర్నిప్ దుంపలతో చేసే ఈ పనిని, అమెరికాకు వలసవెళ్లిన తరువాత అక్కడ సులభంగా దొరికే గుమ్మడికాయతో చేయసాగారు. చెడును పారద్రోలడానికి వారు గుమ్మడి దీపాన్ని వాకిట నిలిపితే, మనం బూడిద గుమ్మడిని గుమ్మానికి వేలాడదీస్తాము. మాక్సిమా జాతిలోని రాక్షస గుమ్మడికాయలను పెంచి పోటీలకు తేవడం కూడా అక్కడి వేడుకలలో ఒకటి. 2023లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని హాఫ్‌మూన్ బే పోటీలో తూచిన కాయ బరువు 1,200 కిలోలను మించినది. తెలుగు సినిమారంగంలో కొబ్బరికాయ కొట్టడమంటే చిత్రీకరణ ప్రారంభించడం, గుమ్మడికాయ కొట్టడమంటే ముగించడం.

దసరా పండుగనాడు వాహనాల ముందు గుమ్మడికాయలు పగులగొట్టడం మన ఆచారం. ఆ ముక్కలను రహదారి మీదనే వదిలివేస్తే ద్విచక్రవాహనాలు జారి ప్రమాదాలు జరుగుతాయి. క్షేమం కోరి కొట్టిన కాయ ఎదుటివారి క్షేమానికి భంగం కలిగించకుండా చూసుకోవడం పౌరధర్మం.

ముగింపు

పదివేల సంవత్సరాల క్రితం అమెరికా ఖండంలో మానవుని చేరదీసిన గుమ్మడితీగ సముద్రాలు దాటి, మన పాకల కప్పులకెక్కి, మన పండుగలలో చోటు సంపాదించుకొన్నది. కప్పు మీద చోటిచ్చినట్లే కంచంలో కూడా దానికి చోటివ్వడం మన చేతిలో ఉన్నది. నేటి విద్యార్థులే రేపటి తల్లిదండ్రులు. కొనే ముక్క రంగును గమనించడం, వండే కూరకు పోపు పెట్టడం, పెరటిలో రెండు గింజలు నాటడం – ఈ మూడు పనులకు ధనం కంటె తెలివిడి ముఖ్యం. పెరటి చెట్టు మందుకు పనికిరాకపోవడం చెట్టు దోషం కాదు.

కఠిన పదాలకు అర్థాలు

దృష్టాంతం – ఉదాహరణ
ప్రజాతి – దగ్గరి పోలికలు గల జాతుల సమూహం
నిశితంగా – సూక్ష్మంగా
ఏకవార్షికం – ఒక ఏడాదిలోపే జీవితకాలం ముగిసేది
నులితీగ – తీగ ఆధారాన్ని చుట్టుకోవడానికి ఉపయోగపడే సన్నని పోగు
పక్వం – పండిన స్థితి
స్థూలకాయం – లావైన శరీరం
రేచీకటి – మసక వెలుతురులో చూపు ఆనకపోవడం
అంతరార్థం – లోపలి భావం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గుమ్మడిలోని పోషక విలువలను, ‘ఎ’ విటమిన్ లోప నివారణలో దాని పాత్రను వివరించండి.
2. తీపి గుమ్మడి జన్మస్థానాన్ని, అది మన దేశానికి చేరిన క్రమాన్ని తెలుపండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. బూడిద గుమ్మడికి, తీపి గుమ్మడికి గల భేదాలను రాయండి.
2. ‘ముగ్గురు అక్కచెల్లెళ్లు’ అనే పంటల పద్ధతిని వివరించండి.
3. గుమ్మడిని పోపు పెట్టి వండడం శాస్త్రసమ్మతమని ఎట్లా చెప్పగలరు?
4. గుమ్మడి వాడుకలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కెరోటిన్ ‘ఎ’ విటమిన్‌గా మారుతుందని నిరూపించినది ఎవరు?
2. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదుకు ఏ సంవత్సరంలో తరలివచ్చినది?
3. గుమ్మడి ఆడపువ్వును ఎట్లా గుర్తించవచ్చు?

IV. సంధులు
దేశాంతరం = దేశ + అంతరం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
పుట్టినిల్లు = పుట్టిన + ఇల్లు – అకార సంధి

V. సమాసాలు
కంటిచూపు – కంటి యొక్క చూపు – షష్ఠీ తత్పురుష సమాసం
పూర్వాచారం – పూర్వమైన ఆచారం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
గుమ్మడితీగ – గుమ్మడి అను పేరుగల తీగ – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం